మేస్త్రీల తలుపు

లాడ్జి అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఆర్టీసీ బస్టాండు ఎదురుగా ఉండే మూడంతస్తుల బిల్డింగు, రిసెప్షన్ వెనక తాళంచెవుల బోర్డు, "ఏసీ, నాన్ ఏసీ రూములు కలవు" అన్న అక్షరాలు. మా పెదనాన్న నెలకోసారి తెల్ల చొక్కా, నల్ల కోటు వేసుకుని, చేతిలో పల్చటి తోలు బ్యాగుతో "లాడ్జికి వెళ్ళొస్తా" అని బయల్దేరేవాడు. సొంతిల్లు ఉన్న మనిషికి లాడ్జి ఎందుకో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. పెద్దమ్మ మాత్రం "రాత్రి భోజనం అక్కడేగా?" అని కనుక్కుని గేటు వేసేసుకునేది.

పెదనాన్న ఫ్రీమేసన్. ఈ మాట చెప్పగానే హాస్టల్లో నా రూమ్మేట్ అడిగిన మొదటి ప్రశ్న, "అంటే ఇల్యుమినాటీనా?" అని. తప్పు తనది కాదు. యూట్యూబ్‌లో ఫ్రీమేసన్ అని కొడితే వచ్చేవన్నీ అవే. ప్రపంచాన్ని రహస్యంగా నడిపేవాళ్ళు, నిధుల మ్యాపులు దాచినవాళ్ళు, ఇంకా ఏవేవో. మా పెదనాన్న ప్రపంచాన్ని నడపడం అటుంచి, ఇంట్లో ఇన్వర్టర్ ఆగిపోతే నాకే ఫోన్ చేస్తాడు. కాబట్టి ఆ కథలు ఇక్కడ రాయట్లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మనుషులందరూ అన్నదమ్ములే అని చెప్పే సంఘానికి అసలు తలుపు ఎందుకుంది? ఆ తలుపు ఎవరికి తెరుచుకుంది, ఎవరికి తెరుచుకోలేదు?

ముందు ఆ పేరు సంగతి. మేసన్ అంటే తాపీ మేస్త్రీ. నేను ఇంగ్లీష్ మీడియం పిల్లనే అయినా, మూలమట్టం, రసమట్టం అనే మాటలు మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీగారి నోట విని నేర్చుకున్నాను. గోడ మూల సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చిందా అని చూసేది మూలమట్టం. లోపల బుడగ అటూ ఇటూ జరుగుతూ వరస సమంగా ఉందా లేదా చెప్పేది రసమట్టం. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే గోడ నిటారుగా ఉందో లేదో తెలిసిపోతుంది. తమాషా ఏంటంటే మన "మేస్త్రీ" అనే మాట పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చింది, ఇంగ్లీషు "మాస్టర్"కి దూరపు చుట్టం. ఫ్రీమేసన్లలో మూడో మెట్టు దాటినవాణ్ణి మాస్టర్ మేసన్ అంటారు. అంటే మన భాషలో "మేస్త్రీ మేస్త్రీ" అన్నమాట. ఇది చెప్తే పెదనాన్న నవ్వలేదు.

ఐరోపాలో పెద్ద పెద్ద చర్చిలు కట్టిన రాతిపనివాళ్ళు పని జరిగే చోట ఒక పాక వేసుకునేవాళ్ళు. అక్కడే పనిముట్లు, అక్కడే తిండి, అక్కడే కొత్తవాళ్ళకి పని నేర్పడం. దాని పేరే లాడ్జి. కాలం గడిచేకొద్దీ ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లలో ఈ లాడ్జీల్లోకి రాయి ముట్టని పెద్దమనుషులు కూడా చేరడం మొదలైంది. చివరికి రాళ్ళు పోయాయి, పనిముట్లు గుర్తులుగా మిగిలాయి. 1717 జూన్ 24న లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి దగ్గర గూస్ అండ్ గ్రిడైరన్ అనే సారాయంగడిలో నాలుగు లాడ్జీల వాళ్ళు కలిసి మొదటి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారని సంప్రదాయంగా చెప్తారు. ఆ తేదీ గురించి ఈమధ్య చరిత్రకారులు కొట్టుకుంటున్నారు. సారాయంగడి సంగతి మాత్రం నాకు నచ్చింది. ప్రపంచాన్ని కుట్రతో ఏలేవాళ్ళకి కనీసం సొంత హాలైనా ఉండాలి కదా.

వాళ్ళ పాఠాలన్నీ ఆ పనిముట్ల మీదే. మూలమట్టం అంటే నడత వంకర పోకుండా చూసుకోవడం. రసమట్టం అంటే లోపలికి వచ్చాక రాజైనా గుమాస్తా అయినా ఒకే మట్టం. కంపాస్ అంటే కోరికల చుట్టూ ఒక గీత గీసుకోవడం. లాడ్జిలో రెండు రాళ్ళు పెడతారు, ఒకటి గని నుంచి తెచ్చినట్టే గరుగ్గా ఉన్నది, ఇంకొకటి చెక్కి నునుపు చేసింది. కొత్తగా చేరినవాడు మొదటి రాయి, జన్మంతా చెక్కుకుంటూ పోవాలి. వాళ్ళు తమ విలువలు అని చెప్పుకునేవి మూడు: సోదర ప్రేమ, ఆపదలో ఆదుకోవడం, సత్యం. లాడ్జిలో మతం గురించి, రాజకీయాల గురించి వాదించడం నిషేధం. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో ఈ ఒక్క రూలు పెట్టినా మన దేశం సగం బాగుపడుతుంది.

వాటన్నిటిలో నన్ను ఆపేసింది చేరే రోజు జరిగే ఒక చిన్న తంతు. పెదనాన్న చెప్పలేదు, ఇదంతా ఎప్పటి నుంచో పుస్తకాల్లో ఉన్నదే. చేరబోయేవాణ్ణి లోపలికి తీసుకెళ్ళే ముందు ఒంటి మీద ఉన్న డబ్బు, ఉంగరం, గడియారం, లోహం అనేది ఏదీ లేకుండా తీయించేస్తారు. కళ్ళకి గంతలు కడతారు. ఒక కాలి పంట్లాం మోకాలి పైకి మడుస్తారు. అలా లోపలికి తీసుకెళ్ళి, ప్రమాణం చేయించి, గంతలు విప్పి, తెల్లటి గొర్రెతోలు ఆప్రాన్ కట్టి, అప్పుడు అడుగుతారు: పేదల కోసం ఏమైనా ఇవ్వగలవా అని. అతని దగ్గర ఏముంటుంది? అన్నీ బయటే తీసేశారు. ఇవ్వాలని ఉన్నా ఇవ్వడానికి ఒక్క పైసా లేక అందరి ముందూ నిలబడాలి. ఉన్నది నీ దగ్గర లాగేసి అడగడం నిన్ను ఎగతాళి చేయడానికి కాదు, రేపు చేతిలో ఏమీ లేని మనిషి నీకు ఎదురైతే ఇవాళ నువ్వు నిలబడ్డ తీరు గుర్తు చేసుకో అంటారు.

మనం ఎన్ఎస్ఎస్ క్యాంపుకి వెళ్ళి దుప్పట్లు పంచి ఫోటోలు దిగాం. నేనూ ఉన్నాను ఆ ఫోటోల్లో. కానీ పంచే ముందు "నీ జేబు ఖాళీ అయితే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం నిలబడి చూడు" అని ఎవరూ అనలేదు. మూడు వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు పెద్దమనుషులకి ఈ ఊహ వచ్చిందంటే ఒప్పుకోవాల్సిందే.

ఇక వాళ్ళు నిజంగా చేసిన దానాల సంగతి. ప్రతి లాడ్జిలో ఆమ్నర్ అని ఒక ఉద్యోగి ఉంటాడు. జీతం ఉండదు, అదొక బాధ్యత. ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఎవరు మీటింగులకి రావడం మానేశారు, పోయినవాళ్ళ భార్యలు ఎలా ఉన్నారు, ఇవన్నీ కనుక్కోవడం అతని పని. ఇన్సూరెన్స్ లేని రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. పనిచేసే మగమనిషి పోతే ఇల్లు రోడ్డున పడే కాలం అది. మా పెదనాన్న మూడేళ్ళు ఈ పని చేశాడు. ఆ మూడేళ్ళూ నెలకి ఒక ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద ఎక్కడికో వెళ్ళొచ్చేవాడు. పెద్దమ్మకి కూడా ఎవరింటికో చెప్పేవాడు కాదు. "పేరు చెప్తే అది సాయం కాదు తల్లీ, అప్పు అయిపోతుంది" అన్నాడు ఒకసారి, నేను మరీ గుచ్చి గుచ్చి అడిగితే.

పెద్ద ఎత్తున చేసినవీ ఉన్నాయి. అమెరికాలో మేసన్ల నుంచి పుట్టిన ష్రైనర్స్ అనే శాఖ ఉంది, ఎర్ర టోపీలు పెట్టుకుని ఊరేగింపుల్లో బుల్లి కార్లు నడుపుతారు, చూస్తే నవ్వొస్తుంది. వాళ్ళే పోలియోతో కాళ్ళు వంకరపోయిన పిల్లల కోసం 1922లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఆసుపత్రి తెరిచారు. తర్వాత అలాంటివి ఇంకా చాలా పెట్టారు. బిల్లు కట్టగలరా లేదా అనేది చూడకుండా వైద్యం చేయాలన్నది వాటి నియమం.

కానీ అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది లండన్‌లో మేసన్లు పెట్టిన ఒక బడి. 1788లో బార్తలోమ్యూ రుస్పీని అనే ఇటలీ దంతవైద్యుడు, ఆయనా మేసనే, పేదరికంలో పడ్డ లేదా చనిపోయిన మేసన్ల కూతుళ్ళ కోసం ఒక బడి మొదలుపెట్టాడు. అబ్బాయిల కోసం కాదు, అమ్మాయిల కోసం. అబ్బాయిల వంతు పదేళ్ళ తర్వాత వచ్చింది. ఆ అమ్మాయిల బడి ఇప్పటికీ ఇంగ్లండ్‌లో నడుస్తోంది.

ఇది చదివి నేను లాప్‌టాప్ మూసి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే 1723లో జేమ్స్ ఆండర్సన్ అనే స్కాట్లాండ్ పాస్టర్ వాళ్ళ మొదటి నియమావళి రాశాడు. అందులో సభ్యుడిగా ఎవరు పనికిరారో స్పష్టంగా ఉంది: ఇంకొకరికి బానిసగా ఉన్నవాళ్ళు, నీతి తప్పినవాళ్ళు, ఆడవాళ్ళు. ఒకే వరసలో. తన కూతుర్ని చదివించడానికి వాళ్ళు డబ్బు పోగేస్తారు, ఆ కూతురు పెద్దదై చదువుకుని వచ్చి తలుపు తడితే తీయరు.

డబ్బు ఇవ్వడం తేలిక. పక్కన కుర్చీ ఇవ్వడం కష్టం. ఇది ఒక్క మేసన్ల గురించే అనట్లేదు. మన ఇళ్ళలో పనిమనిషికి పండక్కి చీర పెట్టే చెయ్యి, ఆమెకి గ్లాసు వేరే పెడుతుంది. ఏ సంఘం విలువలైనా చూడాలంటే దాని విరాళాల లిస్టు కాదు, సభ్యుల రిజిస్టరు చూడాలని నాకనిపిస్తుంది.

సభ్యత్వం ఎలా ఇస్తారంటే, మొదటి నియమం వాళ్ళు నిన్ను పిలవరు. నువ్వే అడగాలి. ఎవరి బలవంతమూ లేకుండా నీ అంతట నువ్వే వచ్చానని చెప్పాలి. నీకు ఏదో ఒక దేవుడి మీద నమ్మకం ఉండాలి, ఏ దేవుడో అడగరు. సంప్రదాయంగా వయసు 21 నిండాలి. ఇద్దరు సభ్యులు నీ పేరు ప్రతిపాదించాలి. ఆ తర్వాత రహస్య ఓటింగు. ఒక పెట్టె, తెల్ల గోళీలు, నల్ల గోళీలు. ఒప్పుకుంటే తెల్లది, లేదంటే నల్లది వేయాలి. చాలా లాడ్జీల్లో ఒక్క నల్ల గోళీ పడితే చాలు, అంతే సంగతులు. ఎవరు వేశారో తెలీదు, ఎందుకు వేశారో చెప్పక్కర్లేదు. మన భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్స్ అన్నీ ఆండ్ గేట్‌లోకి పోతాయి. ఒక్క జీరో వస్తే అవుట్‌పుట్ జీరో. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

దీని వెనక ఒక న్యాయం ఉందని పెదనాన్న వాదిస్తాడు. ఇరవైమంది అన్నదమ్ముల్లా కూర్చునే చోట, ఒకడికి ఇంకొకడంటే పడకపోతే ఆ గది చెడిపోతుంది, ముందే ఆపడం మేలు అని. నిజమే కావచ్చు. కానీ ఇదే గోళీతో మనిషిని కాదు, మనుషుల గుంపునే ఆపొచ్చు కదా. ఆపారు కూడా.

బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే నల్లజాతి తోలుపనివాడు ఉండేవాడు. 1775 మార్చి 6న ఆయన, ఇంకో 14 మంది నల్లవాళ్ళు మేసన్లుగా చేరారు. అయితే ఊళ్ళోని లాడ్జిలో కాదు, అక్కడ మకాం వేసిన బ్రిటిష్ సైన్యంలోని ఒక లాడ్జిలో. ఆ సైన్యం వెళ్ళిపోయాక సొంతంగా లాడ్జి నడుపుకోవడానికి అనుమతి పత్రం లండన్‌కి రాసి తెప్పించుకున్నారు. దాని మీద తేదీ 1784, అది సముద్రం దాటి బోస్టన్ చేరేసరికి 1787. తలుపు తీయకపోతే గోడ కట్టేవాళ్ళు తమ పక్కనే ఇంకో తలుపు పెట్టుకున్నారన్నమాట, మేస్త్రీలు కదా. ప్రిన్స్ హాల్ అక్కడితో ఆగలేదు. 1777లోనే బానిసత్వం రద్దు చేయాలని మసాచుసెట్స్ శాసనసభకి వేసిన అర్జీలో ఆయన సంతకం ఉంది. తర్వాత నల్లపిల్లలకి బడులు కావాలని ఇంకో అర్జీ పెట్టాడు. ఆయన పేరుతో ఏర్పడిన ప్రిన్స్ హాల్ లాడ్జీలు తర్వాతి కాలంలో అమెరికా పౌరహక్కుల కేసులకి విరాళాలు ఇచ్చాయి. బడుల్లో తెలుపు నలుపు వేరు చేయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టులో కేసు గెలిచిన లాయరు థర్గుడ్ మార్షల్ కూడా ప్రిన్స్ హాల్ మేసనే. మరి అమెరికాలోని తెల్లవాళ్ళ గ్రాండ్ లాడ్జీలు వీళ్ళని తమలాంటి మేసన్లేనని గుర్తించడం ఎప్పుడు మొదలైంది? 1989లో, కనెక్టికట్‌తో. రెండు వందల ఏళ్ళు రసమట్టం చేతిలో పట్టుకుని కూర్చున్నారు, బుడగ ఎటు పోతోందో చూడకుండా.

మన దేశంలో కథ ఇంకా విచిత్రం. ఇక్కడ లాడ్జీలు తెచ్చింది ఈస్టిండియా కంపెనీ వాళ్ళు. నవాబుల్ని చేర్చుకోవడానికి వాళ్ళకి అభ్యంతరం లేదు. ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరా 1770ల్లోనే తిరుచిరాపల్లిలో మేసన్ అయ్యాడు. మన నెల్లూరు అప్పుడు ఆ నవాబుల కిందే ఉండేది కాబట్టి ఆ లెక్కన కాస్త మనవాడే. చిక్కంతా మామూలు మనుషులతోనే వచ్చింది. బొంబాయిలో మానెక్‌జీ కర్సెట్‌జీ అనే పార్శీ పెద్దమనిషి చేరతానంటే యూరోపియన్ల లాడ్జి ఒప్పుకోలేదు. ఆయన పారిస్ వెళ్ళినప్పుడు అక్కడ మేసన్‌గా చేరి తిరిగొచ్చాడు. వచ్చాక కూడా బొంబాయిలో లోపలికి రానివ్వలేదు. చివరికి జేమ్స్ బర్న్స్ అనే స్కాట్లాండ్ డాక్టరు చొరవతో 1843లో భారతీయుల కోసమే రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా అనే లాడ్జి పెట్టారు. ఈ మానెక్‌జీయే ఇరవై ఏళ్ళ తర్వాత, 1863లో, బొంబాయిలో ఆడపిల్లల కోసం అలెగ్జాండ్రా స్కూలు పెట్టాడు. బయట నిలబడ్డవాడికి బయట నిలబడటం అంటే ఏంటో తెలుస్తుంది కాబోలు. ఇది నా ఊహ మాత్రమే, ఆయన అలా అనలేదు.

సరిగ్గా అదే 1863లో కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే హిందువు అర్జీ పెట్టాడు. అడ్డం ఏంటంటే, హిందువులకి చాలామంది దేవుళ్ళు కదా, ఒకే పరమాత్మని నమ్మాలన్న మా నియమానికి వీళ్ళు సరిపోతారా అని. ఆసియా వాళ్ళని ప్రాంతీయ గ్రాండ్ మాస్టర్ అనుమతి లేకుండా ప్రతిపాదించకూడదని ఒక స్థానిక నియమం కూడా అడ్డుపెట్టారు. ఆయన వదల్లేదు. ఉత్తరాలు, అప్పీళ్ళు. ఆఖరికి 1872లో చేర్చుకున్నారు. తొమ్మిదేళ్ళు! మనం ఇంటర్న్‌షిప్ పోర్టల్లో "అండర్ రివ్యూ" అని తొమ్మిది రోజులు కనిపిస్తేనే డిప్రెషన్‌లోకి వెళ్తాం.

ఆయన తలుపు తెరిపించిన పన్నెండేళ్ళకి, 1884 ఫిబ్రవరిలో, అదే కలకత్తాలో ఒక 21 ఏళ్ళ కుర్రాడు మేసన్‌గా చేరాడు. పేరు నరేంద్రనాథ్ దత్త. తర్వాత మనందరికీ వివేకానందుడు. రెండేళ్ళకి లాహోర్‌లో రడ్యార్డ్ కిప్లింగ్ చేరాడు, ఇంకా 21 నిండకపోతే ప్రత్యేక అనుమతితో. కిప్లింగ్‌ని మూడు మెట్లూ ఎక్కించినవాళ్ళు ఒక బ్రహ్మసమాజీ, ఒక ముస్లిం, ఒక ఇంగ్లీషువాడు. తలుపు దగ్గర కాపలా ఉన్నది ఒక యూదుడు. బయట తెల్లవాడి భారం గురించి రాసిన మనిషే లోపల వీళ్ళందరితో కలిసి కూర్చున్నాడు. ఆ లాడ్జి గురించి "ద మదర్ లాడ్జ్" అని ఒక కవిత కూడా రాశాడు. బయట సార్, సలాం అనుకునేవాళ్ళు లోపల బ్రదర్ అయిపోతారని అందులో ఉంటుంది. అయితే అదే కవితలో ఇంకో సంగతీ ఉంది. వాళ్ళు కలిసి విందులు మాత్రం పెట్టుకునేవాళ్ళు కాదట, ఎవరి కులం ఎక్కడ చెడుతుందోనని. అంటే లోపలికి వచ్చిన మనం కూడా మన తలుపులు మనతోనే తెచ్చుకున్నాం. తెల్లవాళ్ళనే అంటే ఎలా.

హైదరాబాద్ వాళ్ళకి ఒక మాట. నాంపల్లికి దగ్గర్లో గోషామహల్ బారాదరి అని కుతుబ్‌షాహీల నాటి కట్టడం ఉంది. మన రామదాసు కథలో వచ్చే తానీషా కాలం నాటిదని చెప్తారు. నిజాముల కాలంలో 19వ శతాబ్దంలో అది మేసన్ల చేతికి వచ్చింది. ఇప్పటికీ అక్కడ లాడ్జీలు సమావేశమవుతాయి. 1961 నవంబర్ 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది, రాంపూర్ నవాబు రజా అలీ ఖాన్ మొదటి గ్రాండ్ మాస్టర్. మన దేశపు లాడ్జీల్లో వేదిక మీద ఒక్క గ్రంథం కాదు, గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ్ సాహిబ్, జెండ్ అవెస్తా పక్కపక్కనే పెడతారు. ఎవరు చేరితే వాళ్ళు తమ గ్రంథం మీద ప్రమాణం చేస్తారు. ప్రసన్న కుమార్ దత్ తొమ్మిదేళ్ళు నిలబడిన చోట ఇప్పుడు ఐదు పుస్తకాలు ఉన్నాయి. ఇది చిన్న మార్పని నేను అనను.

ఆడవాళ్ళ సంగతి? అక్కడా గోడ పక్కన ఇంకో తలుపే దారి అయింది. 1882లో ఫ్రాన్స్‌లో మరియా డెరెయిమ్ అనే రచయిత్రిని ఒక లాడ్జి చేర్చుకుంది, పెద్ద గొడవైంది. 1893లో ఆమె, జార్జ్ మార్టిన్ అనే డాక్టరు కలిసి ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఉండే లాడ్జిని పారిస్‌లో స్థాపించారు. అందులో 1902లో చేరిన ఒకావిడ మనకి బాగా తెలుసు, అనీబిసెంట్. మదనపల్లె వాళ్ళు ఆవిడ పేరున్న కాలేజీ ముందు నుంచి రోజూ వెళ్తుంటారు. ఇంగ్లండ్‌లో పూర్తిగా ఆడవాళ్ళవే రెండు గ్రాండ్ లాడ్జీలు ఉన్నాయి. వాళ్ళ పద్ధతులన్నీ సక్రమంగానే ఉన్నాయని, ఆడవాళ్ళు కావడం ఒక్కటే తేడా అని 1999లో మగవాళ్ళ గ్రాండ్ లాడ్జి ప్రకటించింది. కోడ్ అంతా కరెక్టే, కంపైలర్‌కి నీ పేరు నచ్చలేదు అన్నట్టుంది.

పోయిన సంక్రాంతికి పెదనాన్న దగ్గర ఈ విషయం తీశాను. తర్కం అంతా తయారు చేసుకుని వెళ్ళాను. రసమట్టం, ప్రిన్స్ హాల్, దత్, అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "నువ్వు చెప్పింది కాదనను తల్లీ. కానీ నేను చేరేటప్పుడు ఈ నియమం మార్చను అని మాట ఇచ్చి చేరాను" అన్నాడు. ఆ మాట ఇవ్వడం తప్పు కదా అన్నాను. "నా మట్టుకు నాకు, నీ పేరు వస్తే తెల్ల గోళీయే వేస్తాను" అన్నాడు. నా పేరు ఎలా వస్తుంది, రాయడానికే వీల్లేదుగా అంటే సమాధానం చెప్పలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు. ఆ ఆదివారం స్కూటర్లు నాకు గుర్తున్నాయి. కానీ ఒప్పుకోను. ఈ రెండూ ఒకేసారి ఉండొచ్చని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

అదే పండక్కి పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, గది తలుపు వేసుకుని ఏదో బట్టీ పడుతున్నాడు. నిరుడే చేరాడు. మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకి వెళ్ళాలంటే కొన్ని ప్రశ్నలకి జవాబులు చూడకుండా అప్పజెప్పాలి. పరమ రహస్యం అనుకుంటూ చదువుతున్నాడు పాపం. ఈ ప్రశ్న జవాబుల పద్ధతిని శామ్యూల్ ప్రిచర్డ్ అనే ఆయన 1730లోనే లండన్‌లో పుస్తకం వేసి అమ్మేశాడు. మూడు వందల ఏళ్ళ కిందట లీకైన పేపర్ అది. తర్వాతి రూపాలూ పాత పుస్తకాల్లో స్కాన్ అయ్యి ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

అన్నయ్య మూడోసారి ఒకే చోట ఆగిపోయాడు. నేను హాల్లో అరిసెలు తింటూ తలుపు ఇవతల నుంచి తర్వాతి లైన్ అందించాను. లోపల గొంతు ఆగిపోయింది. తలుపు కొంచెం తెరుచుకుని తల బయటికి వచ్చింది. "నీకెలా తెలుసే?" అన్నాడు. పెదనాన్న అక్కడే కుర్చీలో పేపర్ చదువుతున్నాడు. మడత విప్పి రెండో పేజీ తిప్పాడు, విననట్టే.